కొత్త కంప్యూటరు, పాత ప్రింటరు: ఇంటి నెట్‌వర్కులో ముద్రణ చిక్కులు

ఇంట్లో కంప్యూటరు మార్చగానే, నిన్నటిదాకా బాగా పనిచేసిన ప్రింటరు మొరాయించడం చాలామందికి ఎదురయ్యే సమస్య. ప్రింటరు ఇంటి నెట్‌వర్కులో వైఫై ద్వారానో, ఈథర్నెట్ కేబుల్ ద్వారానో, ఇంకో కంప్యూటరు ద్వారానో కలిసి ఉంటుంది. ఫోను నుంచి ప్రింటు వస్తూనే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌కు మాత్రం ప్రింటరు అసలు కనిపించదు, లేదా కనిపించినా 'ఆఫ్‌లైన్' అంటుంది. ఒక్కోసారి ఇచ్చిన పనిని తీసుకుని కిక్కురుమనకుండా ఊరుకుంటుంది.

ఈ మధ్య ఈ ఇబ్బంది ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని యంత్రాలనూ, పాత తరం ప్రాసెసర్లనూ విండోస్ 11 ఒప్పుకోదు. అందుకే బాగా నడుస్తున్న కంప్యూటర్లను కూడా మార్చాల్సి వచ్చింది. ప్రింటరును అలా మార్చే అవసరం ఎవరికీ రాలేదు. మంచి లేజర్ ప్రింటరు పదేళ్లు దాటినా తిరుగుతూనే ఉంటుంది.

ప్రింటరు చెడిపోయిందనో, కొత్త కంప్యూటరులో లోపం ఉందనో మొదట అనుమానం వస్తుంది. చాలా సందర్భాల్లో రెండూ బాగానే ఉంటాయి. ఇన్నేళ్లుగా పాత కంప్యూటరు తనలో దాచుకున్న వివరాలు దానితోపాటే వెళ్లిపోయి ఉంటాయి. ప్రింటరు ఏ చిరునామాలో ఉంటుంది, దానితో ఏ భాషలో మాట్లాడాలి, ఈ వైఫైని నమ్మవచ్చా, ఫైర్‌వాల్‌లో దేనికి దారి ఇవ్వాలి, ఏ సైజు కాగితం వాడాలి అనేవి ఆ వివరాలు. ఎప్పుడో ఒకసారి ఎవరో కుర్రాడు వచ్చి సెట్ చేసి వెళ్లినవి కాబట్టి అవి ఉన్నట్టు కూడా ఇంట్లోవాళ్లకు గుర్తుండదు.

ఎక్కడ తెగింది

కంప్యూటరులో ఏదైనా మార్చే ముందు ప్రింటరు దగ్గర మొదలుపెట్టడం మంచిది. దాదాపు ప్రతి నెట్‌వర్కు ప్రింటరూ తన బటన్ల ద్వారానో, చిన్న తెర ద్వారానో కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి అచ్చు వేసి ఇస్తుంది. అందులో వైఫై పేరు, సిగ్నల్ బలం, ఐపీ చిరునామా ఉంటాయి. ఈ కాగితం వచ్చిందంటే ఇంకు, రోలర్లు, కాగితం ట్రే బాగున్నట్టే.

ఆ ఐపీ చిరునామాను కొత్త కంప్యూటరులోని బ్రౌజరులో టైపు చేయాలి. ప్రింటరులో సొంత వెబ్ పేజీ ఉంటే అది తెరుచుకుంటుంది. భద్రతా సర్టిఫికెట్ గురించి బ్రౌజరు హెచ్చరించవచ్చు. ప్రింటరు తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్ వల్ల వచ్చే హెచ్చరిక అది, ఇంటి నెట్‌వర్కులో దానికి కంగారు పడనక్కర్లేదు. పేజీ తెరుచుకుంటే నెట్‌వర్కు దారి సరిగ్గానే ఉంది, చిక్కు డ్రైవరులోనో ప్రింటు పనుల క్యూలోనో ఉంది. తెరుచుకోకపోతే డ్రైవర్ల జోలికి పోకుండా నెట్‌వర్కును చూడాలి. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండా డ్రైవరును నాలుగుసార్లు తీసేసి వేసుకునేవాళ్లే ఎక్కువ.

చిరునామా 169.254తో మొదలైతే ప్రింటరుకు రౌటరు చిరునామా ఇవ్వలేదని అర్థం. వైఫై పాస్‌వర్డు మారి ఉండవచ్చు, కేబుల్ ఊడి ఉండవచ్చు. ఎవరూ ఇవ్వకపోతే యంత్రం తనంతట తాను ఆ వరుసలోంచి ఒక అంకె తీసుకుంటుంది.

ఒకే ఇల్లు, రెండు నెట్‌వర్కులు

రెండు పరికరాలూ ఇంట్లో ఉన్నంత మాత్రాన ఒకే నెట్‌వర్కులో ఉన్నట్టు కాదు. మన ఊళ్లలో ఇది తరచుగా కనిపించే పరిస్థితే. ఇంటర్నెట్ కంపెనీ బిగించిన ఫైబర్ మోడెమ్ తానే ఒక రౌటరు. పై అంతస్తుకు సిగ్నల్ అందడం లేదని దానికి ఇంకో రౌటరు తగిలిస్తారు. అప్పుడు ఒకదాని కింద 192.168.1తోనూ, రెండోదాని కింద 192.168.0తోనూ మొదలయ్యే చిరునామాలతో రెండు నెట్‌వర్కులు తయారవుతాయి. లోపలి రౌటరు కింద ఉన్న కంప్యూటరు, బయటి మోడెమ్‌కు కలిసిన ప్రింటరును చిరునామా చెబితే చేరుకోగలదు, తనంతట తాను వెతికి పట్టుకోలేదు. ప్రింటరు లోపలా కంప్యూటరు బయటా ఉంటే ఆ దారి కూడా ఉండదు. రెండో రౌటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే అంతా ఒకే నెట్‌వర్కు అవుతుంది.

కంప్యూటరుతోపాటు ఇంటర్నెట్ కనెక్షన్ కూడా మార్చినవాళ్లకు మరో చిక్కు ఉంటుంది. జియోఫైబర్ రౌటర్లు 192.168.29తో మొదలయ్యే చిరునామాలు ఇస్తాయి. గతంలో ఎవరైనా ప్రింటరుకు 192.168.1.50 అని చేత్తో స్థిర చిరునామా పెట్టి ఉంటే, కొత్త రౌటరు కింద అది దారి తెలియక నిలిచిపోతుంది. ప్రింటరు మెనూలో చిరునామాను ఆటోమేటిక్‌కు, అంటే డీహెచ్‌సీపీకి మార్చాలి. కొత్త రౌటరుకు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టుకుంటే ప్రింటరు, టీవీ, కెమెరాలు అన్నీ వాటంతట అవే వచ్చి కలుస్తాయి. అయితే రౌటరులో భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉండకూడదు. పాత ప్రింటర్లకు అది తెలియదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ పెట్టాలి.

కంప్యూటరు 5 గిగాహెర్ట్జ్‌లోనూ ప్రింటరు 2.4లోనూ ఉంటే కలవవనే మాట బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఇంటి ప్రింటర్లలో చాలావాటికి 2.4 మాత్రమే అందుతుంది, కానీ ఒకే రౌటరు కింద ఉన్న రెండు బ్యాండ్లూ ఒకే నెట్‌వర్కు. ప్రింటరును మొదటిసారి వైఫైకి కలిపేటప్పుడు మాత్రం ఫోను కూడా 2.4లో ఉండాలని కొన్ని యాప్‌లు పట్టుబడతాయి. నిజంగా అడ్డుపడేది గెస్ట్ నెట్‌వర్కు. కొత్త ల్యాప్‌టాప్‌ను దానికి కలిపితే ఇంటర్నెట్ హాయిగా వస్తుంది కానీ ఇంట్లోని ఇతర పరికరాలేవీ కనిపించవు. గెస్ట్ నెట్‌వర్కు పెట్టిందే అందుకు.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ సంగతి వేరు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగి వీపీఎన్ ఆన్ చేయగానే చాలా కంపెనీల అమరికలో ట్రాఫిక్ అంతా ఆఫీసుకే పోతుంది. పక్క గదిలోని ప్రింటరు అందదు. వీపీఎన్ ఆపి ప్రింటు తీసుకోవడం తప్ప ఉద్యోగి చేతిలో ఉండేది తక్కువ. డ్రైవరు వేసుకునే అనుమతి కూడా ఆ యంత్రాల్లో తరచుగా ఉండదు.

విండోస్ పెట్టే జాగ్రత్తలు

కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ 11 దాన్ని 'పబ్లిక్' నెట్‌వర్కుగా లెక్కవేస్తుంది, అంటే రైల్వే స్టేషన్ వైఫైలో ఎంత జాగ్రత్తగా ఉండాలో ఇంట్లోనూ అంతే జాగ్రత్తగా ఉంటుంది. పక్క పరికరాలను వెతకడం ఆపేస్తుంది. వైఫై ప్రాపర్టీస్‌లో దాన్ని 'ప్రైవేట్'గా మారిస్తే చాలాసార్లు ప్రింటరు వెంటనే ప్రత్యక్షమవుతుంది. పాత కంప్యూటరులో ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పి ఉంటాం కాబట్టి గుర్తుండదు. కొత్త ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చే ట్రయల్ యాంటీవైరస్‌కు సొంత ఫైర్‌వాల్ ఉంటే, దానిలోనూ ఇంటి నెట్‌వర్కును నమ్మకమైనదిగా చెప్పాలి.

కొన్ని చౌక ల్యాప్‌టాప్‌లు విండోస్ 'ఎస్ మోడ్'లో వస్తాయి. ఇందులో మైక్రోసాఫ్ట్ స్టోరు బయటి సాఫ్ట్‌వేరు ఎక్కదు కాబట్టి కంపెనీ వెబ్‌సైటు నుంచి దించుకున్న ప్రింటరు సెటప్ ఫైలు నడవదు. ఎస్ మోడ్ నుంచి ఉచితంగానే బయటికి రావచ్చు, మళ్లీ లోపలికి మాత్రం వెళ్లలేం.

కదిలే చిరునామా, 'ఆఫ్‌లైన్' మాట

మొదటి రోజు బాగా పనిచేసి వారం తర్వాత 'ఆఫ్‌లైన్' అనే ప్రింటర్లది వేరే కథ. రౌటరు ఇచ్చే చిరునామా శాశ్వతం కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు కొత్తగా మొదలై, నిన్న ప్రింటరుకు ఇచ్చిన అంకెను ఇవాళ టీవీకి ఇవ్వవచ్చు. కంప్యూటరు మాత్రం పాత అంకెకే పనులు పంపుతూ కూర్చుంటుంది. ఇల్లు మారి పాలవాడికి చెప్పకపోతే పాల ప్యాకెట్లు పాత గుమ్మం ముందే పడి ఉన్నట్టు. దీనికి నిలకడైన మందు రౌటరు సెట్టింగ్స్‌లో ప్రింటరుకు ఒక చిరునామా రిజర్వు చేయడం. ప్రింటరు మ్యాక్ చిరునామా, అంటే దాని హార్డ్‌వేరు గుర్తింపు, దీనికి కావాలి, అది కాన్ఫిగరేషన్ పేజీలోనే ఉంటుంది.

విండోస్ తనంతట తాను ప్రింటరును చేర్చుకున్నప్పుడు తరచుగా డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు వాడుతుంది. విండోస్ విస్టా కాలం నుంచి ఉన్న ఈ పద్ధతి ప్రింటరును నెట్‌వర్కులో తానే వెతుకుతుంది. బాగా పనిచేస్తే హాయి. కానీ కంప్యూటరు నిద్ర లేచాక ప్రింటరు కనపడటం లేదనే ఫిర్యాదులకు తరచుగా మూలం కూడా ఇదే. చిరునామా రిజర్వు చేసి, ప్రింటరును 'స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు'తో మళ్లీ చేర్చుకోవడం నా దృష్టిలో దీనికంటే నమ్మకమైన పద్ధతి. ఆ పోర్టులోనూ ఒక మెలిక ఉంది. ప్రింటరు బతికే ఉందా లేదా అని విండోస్ ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతి ద్వారా అడుగుతుంది. ప్రింటరు ఆ ప్రశ్నకు జవాబివ్వకపోతే, ప్రింటు తీయగల స్థితిలో ఉన్నా సరే, 'ఆఫ్‌లైన్' అని రాసేస్తుంది. పోర్టు కాన్ఫిగరేషన్‌లో 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్' దగ్గర టిక్కు తీసేస్తే సరిపోతుంది.

ఎప్పుడూ ప్రింటు మరో ప్రింటరుకో, పీడీఎఫ్‌కో పోతుంటే చూడాల్సింది డిఫాల్ట్ ప్రింటరు. చివరిసారి వాడినదాన్నే డిఫాల్ట్ చేసుకునే అలవాటు విండోస్ 10లో 2015 చివరి నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపవచ్చు.

డ్రైవర్ల సంగతి

నెట్‌వర్కు ప్రింటింగ్‌లో కంప్యూటరు, ప్రింటరు మాట్లాడుకునే పద్ధతులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. బర్కిలీ యూనిక్స్ నుంచి వచ్చిన ఎల్‌పీడీ పద్ధతిని 1990లో ఆర్ఎఫ్‌సీ 1179గా రాసిపెట్టారు. హెచ్‌పీ జెట్‌డైరెక్ట్ కార్డులతో 9100 పోర్టు వాడుకలోకి వచ్చింది. 1999లో ఐపీపీ మొదటి రూపం ప్రచురితమైంది, దాని పోర్టు 631. ఈ మూడూ నేటికీ ఒకే ప్రింటరులో పక్కపక్కన ఉంటాయి. ఇవి పనిని మోసుకెళ్లే దారులు మాత్రమే. పేజీని ఎలా వర్ణించాలన్నది వేరే విషయం. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనే పేజీ భాషలు తెలిసిన ప్రింటరుకు డ్రైవరు దొరకడం సులువు. చౌక ప్రింటర్లకు అవేవీ తెలియవు. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటరే చేసి పంపాలి.

మన జిరాక్సు షాపుల్లో, నెట్ సెంటర్లలో విస్తారంగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 ఈ కోవలోదే. యూఎస్‌బీ తప్ప నెట్‌వర్కు లేదు. కేనన్ సొంత క్యాప్ట్ పద్ధతిలో తప్ప మాట వినదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆన్ చేసిన ప్రతిసారీ దాని లోపలి ఫర్మ్‌వేరును కూడా కంప్యూటరే పంపాలి. ఇలాంటి ప్రింటర్ల ఆయుష్షు వాటి రోలర్ల కంటే ఎక్కువగా డ్రైవరు మీద ఆధారపడి ఉంటుంది.

2024 మధ్యలో వచ్చిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లకు ఇది సూటిగా తగులుతుంది. ఇవి ఏఆర్ఎం ప్రాసెసర్ల మీద నడుస్తాయి. ఇంటెల్, ఏఎండీ యంత్రాల కోసం రాసిన ప్రోగ్రాములను విండోస్ అనుకరించి నడపగలదు కానీ డ్రైవర్లను నడపలేదు. ఏఆర్ఎం కోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవరే కావాలి. పాత మోడల్‌కు కంపెనీ ఆ శ్రమ తీసుకోకపోతే ఆ ల్యాప్‌టాప్ నుంచి నేరుగా ప్రింటు తీసే దారి ఉండదు. కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది, దుకాణంవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

రెండో వైపు, డ్రైవరు అవసరమే లేకుండా చేసే ప్రయత్నం పెద్దదైంది. ఆపిల్ 2010 నవంబరులో ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. 2013లో కేనన్, హెచ్‌పీ, శాంసంగ్, జెరాక్స్ కలిసి మోప్రియా అలయన్స్ పెట్టాయి. అదే ఏడాది ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణం వచ్చింది. మూడింటికీ పునాది ఐపీపీయే. ప్రింటరు తనకు ఏమేం చేతనవునో తానే చెబుతుంది, కంప్యూటరు అందరికీ తెలిసిన పద్ధతిలో పేజీని పంపుతుంది. విండోస్ 10 21హెచ్2 నుంచి మోప్రియా ప్రింటర్లకు కావలసిన డ్రైవరు విండోస్‌లోనే ఉంది. ఇతర కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా పంచడాన్ని దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. కంపెనీలు తమ సైటులో పెట్టిన డ్రైవరును వేసుకోవడానికి అది అడ్డు కాదు. విండోస్ 11 24హెచ్2లో వచ్చిన 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' మాత్రం గట్టిది. ఆన్ చేస్తే మోప్రియా ప్రింటర్లు తప్ప మిగిలినవి పనిచేయవు, ముందున్న డ్రైవర్లు కూడా పోతాయి.

ఇంత కట్టుదిట్టానికి నేపథ్యం 2021 జులైలో బయటపడ్డ ప్రింట్‌నైట్‌మేర్ లోపం. విండోస్ ప్రింట్ స్పూలర్‌లోని ఆ రంధ్రం గుండా దాడి చేసేవాళ్లు యంత్రాన్ని పూర్తిగా చేతిలోకి తీసుకోగలిగేవారు. అదే ఏడాది ఆగస్టు నుంచి షేర్ చేసిన ప్రింటరు డ్రైవరును ఎక్కించడానికి అడ్మినిస్ట్రేటరు అనుమతి తప్పనిసరి అయింది. పిల్లల ఖాతాలో ప్రింటరు కలవకపోవడానికి కారణం వెతుకుతున్నవాళ్లు ఇది గమనించాలి.

డ్రైవరు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది చిన్న విషయం కాదు. ప్రింటరు పేరు, 'డ్రైవరు డౌన్‌లోడ్' అని వెతికితే పైన వచ్చేవాటిలో ప్రకటనలు, నకిలీ సైట్లు కలిసి ఉంటాయి. 'హెల్ప్‌లైన్' పేరుతో కనిపించే నంబర్లకు ఫోన్ చేస్తే, ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించుకుని బ్యాంకు ఖాతా దాకా వెళ్లే మోసగాళ్లు తగలవచ్చు. కంపెనీ సైటు చిరునామాను బ్రౌజరులో స్వయంగా టైపు చేసుకోవడం, ఏ ఫోను గొంతు అడిగినా తెర చూపించకపోవడం అవసరం. డబ్బు పోతే వెంటనే చెప్పాల్సిన జాతీయ సైబర్ నేరాల నంబరు 1930.

పాత కంప్యూటరే సర్వర్ అయినప్పుడు

చాలా ఇళ్లలో 'నెట్‌వర్కు ప్రింటరు' అనుకునేది నిజానికి నెట్‌వర్కులో ఉండదు. హాల్లోని డెస్క్‌టాప్‌కు యూఎస్‌బీతో తగిలించిన ప్రింటరును విండోస్ షేరింగ్ ద్వారా మిగతావాళ్లు వాడుకుంటూ ఉంటారు. ఆ డెస్క్‌టాప్‌ను తీసేయగానే ఇంటిల్లిపాదికీ ప్రింటింగ్ ఆగిపోతుంది. అప్పటిదాకా అదే సర్వర్ అని అప్పుడే తెలుస్తుంది.

కొత్త కంప్యూటరుకు ఆ పని అప్పగించడం మునుపటంత తేలిక కాదు. హోమ్‌గ్రూప్ సదుపాయాన్ని 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు. ఇప్పుడు షేర్ చేసిన కంప్యూటరులోని ఖాతా పేరు, పాస్‌వర్డు ఇచ్చి కలవాలి. ఇక్కడ రెండు పొరపాట్లు మామూలు. పాస్‌వర్డు లేని ఖాతాతో నెట్‌వర్కు మీదుగా లోపలికి రానివ్వదు. రోజూ తెర తెరవడానికి వాడే పిన్ కూడా ఇక్కడ చెల్లదు, ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. కలిపేటప్పుడు చివర 11బీ అని ఉండే ఎర్రర్ వస్తే, 2021లోని భద్రతా మార్పు ఒక కంప్యూటరులో ఉండి రెండోదానిలో లేకపోవడం తరచుగా కారణమవుతుంది. రెండింటికీ అప్‌డేట్లు పూర్తి చేయడం మంచి దారి. రిజిస్ట్రీలో ఆ భద్రతను తీసేయమని చెప్పే చిట్కాలు పనిచేస్తాయి కానీ మూసిన రంధ్రాన్ని మళ్లీ తెరుస్తాయి.

కొంచెం చేయి తిరిగినవాళ్లకు రాస్‌ప్బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు మంచి ప్రత్యామ్నాయం. దానిమీద కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేరు నడిపి యూఎస్‌బీ ప్రింటరును తగిలిస్తే, లినక్సులో డ్రైవరు ఉన్న పాత ప్రింటరు కూడా ఎయిర్‌ప్రింట్ ప్రింటరులా ఫోన్లకు కనిపిస్తుంది. మైకేల్ స్వీట్ రాయగా 1999లో విడుదలైన కప్స్‌ను ఆపిల్ 2002లో మ్యాక్‌లోకి తీసుకుంది. నేడు మ్యాకులోనూ లినక్సులోనూ ప్రింటింగ్ దాని మీదే నడుస్తోంది.

మ్యాక్‌కు మారినవాళ్లకు చిక్కులు తక్కువ. ప్రింటర్ల జాబితా మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే వచ్చే 'రీసెట్ ప్రింటింగ్ సిస్టమ్' అన్నిటినీ తుడిచి మొదటి నుంచి మొదలుపెడుతుంది. మ్యాక్‌ఓఎస్ సెకోయా నుంచి ఒక్కో యాప్‌కూ స్థానిక నెట్‌వర్కు అనుమతి విడిగా ఇవ్వాలి. కంపెనీ యాప్ అడిగినప్పుడు 'వద్దు' అని నొక్కేసి మరిచిపోతే ఆ యాప్‌కు ప్రింటరు కనిపించదు.

ప్రింటు వచ్చినా తేడాగా వస్తే

అమెరికాలో కొన్న ల్యాప్‌టాప్‌ను హైదరాబాదులోనో విజయవాడలోనో వాడేటప్పుడు ప్రింటరు కాగితం పెట్టమని లైటు వెలిగించి ఆగిపోవడం తెలుగు ఇళ్లలో తరచుగా కనిపించేదే. ట్రే నిండా కాగితాలుంటాయి. ఆ ల్యాప్‌టాప్ ప్రాంతం అమెరికాగా ఉండటంతో డ్రైవరు 'లెటర్' సైజు అడుగుతోంది, అంటే 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 ఎత్తు. ట్రేలో ఉన్నది 210కి 297 ఉండే ఏ4. ప్రింటరు ప్రాపర్టీస్‌లోనూ, వర్డ్‌లాంటి ప్రోగ్రాము పేజీ సెటప్‌లోనూ, రెండు చోట్లా ఏ4 పెట్టాలి. ఒక్కచోటే మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

తెలుగు అక్షరాల తంటా ఇంకొంచెం లోతైనది. అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు. కొత్త కంప్యూటరులో ఆ ఫాంట్లు లేకపోతే తెర మీదా కాగితం మీదా అర్థంలేని అక్షరాలే వస్తాయి, దాంట్లో ప్రింటరు తప్పేమీ లేదు. ఫాంటు వేసుకోవాలి, లేదా పాత కంప్యూటరులోనే ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా మార్చి తెచ్చుకోవాలి. యూనికోడ్ ఫైళ్లకూ చిన్న తేడా ఉంది. గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి ఐచ్ఛికం అయ్యాయి. 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' పేరుతో సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్లలో ఉంటాయి. అవి లేనిచోట వేరే ఫాంటు వచ్చి కూర్చుని, ఒక పేజీలో ఇమిడిన శుభలేఖ రెండో పేజీలోకి జారుతుంది. తెర మీద సరిగ్గా ఉన్న ఒత్తులు కాగితం మీద విడిపోతుంటే అక్రోబాట్ రీడరులో 'ప్రింట్ యాజ్ ఇమేజ్' ఎంచుకుంటే సాధారణంగా సరిగ్గా వస్తుంది.

ఆల్ ఇన్ వన్ యంత్రాల్లో ప్రింటు వచ్చి స్కాన్ రాకపోవడం మామూలే, ఎందుకంటే స్కానింగ్‌కు వేరే దారి ఉంది. ప్రింటరు తెర మీద 'స్కాన్ టు కంప్యూటర్' నొక్కితే ఇంకా పాత కంప్యూటరు పేరే చూపిస్తుంది. కొత్తదానిలో కంపెనీ స్కాన్ ప్రోగ్రామును తెరిచి ఈ యంత్రాన్ని మళ్లీ నమోదు చేయాలి. ఫోల్డరులోకి నేరుగా స్కాన్ పంపే పాత యంత్రాలు ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి వాడతాయి. 2017 చివరి నుంచి విండోస్‌లో అది డిఫాల్టుగా ఉండదు. దాన్ని తిరిగి ఆన్ చేయడం కంటే స్కాన్‌ను పెన్‌డ్రైవులోకో ఈమెయిలుకో పంపుకోవడం మేలు.

పాతది చేయి దాటే ముందు

పాత కంప్యూటరు ఇంకా నడుస్తుంటే, దాన్ని అమ్మేముందు దాని నుంచి విండోస్ టెస్ట్ పేజీ ఒకటి తీసుకోవడం మంచిది. డ్రైవరు పేరు, పోర్టు పేరు వంటివి ఆ కాగితం మీదే ఉంటాయి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని పోర్ట్స్ ట్యాబ్‌ను, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌ను ఫోనుతో ఫోటో తీసుకోవచ్చు. విండోస్ ప్రో ఎడిషన్లలోని ప్రింట్ మేనేజ్‌మెంట్ ద్వారా ప్రింటర్లనూ డ్రైవర్లనూ ఒక ఫైలుగా ఎగుమతి చేసి కొత్త కంప్యూటరులోకి దిగుమతి చేయవచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఆ సదుపాయం లేదు. ఆ ఫైలు కూడా ఇంటెల్ యంత్రం నుంచి ఏఆర్ఎం యంత్రానికి డ్రైవరును తెచ్చిపెట్టలేదు.